మూడు నట్ల గుర్తు

కొత్త కారు కొన్నవాడు మొదట దాన్ని తిరుపతికి తోలుకొస్తాడు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు తొక్కిస్తాడు, ముందర గుమ్మడికాయ కొట్టిస్తాడు, బానెట్టుకు పసుపు కుంకుమ పెట్టిస్తాడు. ఇంత చేసినవాడు తిరుగుదారిలో టీ తాగడానికి ఆపబోయి, రోడ్డు పక్క సిమెంటు గట్టుకు చక్రాన్ని బరబరా రాసేస్తాడు. దిగి చూసుకొని, కన్నబిడ్డ మోకాలు గీరుకుపోయినట్టు మొహం పెడతాడు. దిష్టి తీయించుకున్నాడు గానీ బండి పక్కకు ఆపడం నేర్చుకోలేదు పాపం. అలాంటివాళ్ల పుణ్యమా అని వడమాలపేట సుందరరాజు పదిహేనేళ్లుగా అన్నం తింటున్నాడు.

పుత్తూరు నుంచి తిరుపతికి వచ్చేటప్పుడు, ఊరు మొదలయ్యే చోట, ఎడమ చేతి పక్క అతని రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు మీద ‘రిమ్ము సుందరరాజు’ అని మాత్రమే రాసి ఉంటుంది. మనిషికి యాభై దాటాయి. నోరు తక్కువ, చెవి ఎక్కువ. విప్పిన చక్రాన్ని స్టాండుకు తగిలించి స్పానరుతో ఒక్క దెబ్బ కొడతాడు. ఖణేల్మంటే బాగుపడుతుంది. బొంగురు గొంతుతో పలికితే లోపల ఎక్కడో చీలిందని లెక్క. అప్పుడు, ‘‘ఇది పోయిందప్పా, కొత్తది ఏసుకో. బిడ్డల్ని కూసోబెట్టుకొని తిరిగే బండి’’ అని చెప్పేస్తాడు. బతిమాలినా, కసిరినా, ఇంకో షాపుకు పోతామని బెదిరించినా ఇంక ఆ చక్రాన్ని ముట్టుకోడు. మోగిన చక్రాన్ని మాత్రం ముద్దుగా చూసుకుంటాడు. గీతల్ని గ్రైండరుతో అరగదీసి, గుంటల్లో పుట్టీ నింపి, నీళ్లు పోస్తూ ఎమరీ కాగితంతో రుద్ది రుద్ది, పైన రంగు కొట్టి ఎండలో ఆరబెడతాడు. సాయంత్రానికి దెబ్బ తగిలిన చోటేదో దాని సొంతదారు కూడా చెప్పలేడు. గుర్తు లేకుండా చేయడంలో అతన్ని మించినవాడు నగరి దాకా లేడని డ్రైవర్లు అంటారు.

అయితే గ్రైండరు అందుకోవడానికి ముందు అతను చేసే పని ఒకటుంది. ఒకప్పుడు చెన్నై ఆసామి ఒకడు, రెండు గీతలే ఉండేవి, మూడోది నువ్వే గీశావని షెడ్డు ముందర నానా యాగీ చేశాడు. అప్పటి నుంచి సుందరరాజు దెబ్బ తగిలిన చోట పల్చటి కాగితం పరిచి, పెన్సిలును అడ్డంగా పడుకోబెట్టి రుద్దుతాడు. రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పిల్లలు బొమ్మ దింపుకుంటారే, అలాగన్నమాట. నున్నగా ఉన్నచోట నల్లగా, గుంట పడినచోట తెల్లగా, దెబ్బంతా ఉన్నది ఉన్నట్టు కాగితం మీదకి దిగుతుంది. కింద తేదీ, బండి నంబరు రాసి, షెడ్డులో అడ్డంగా కట్టిన తీగకు క్లిప్పు పెట్టి తగిలిస్తాడు. చక్రం మీద మాసిపోయిన దెబ్బ ఆ కాగితం మీద ఉండిపోతుంది.

కిందటేడు ఆషాఢంలో, ఎండ పేలిపోతున్న ఒక మధ్యాహ్నం, పద్మనాభ్ గారి తెల్లకారు వచ్చి షెడ్డు ముందర ఆగింది. ఆయన కొండమీద ఆఫీసులో ఉద్యోగి. నుదుట నామం, మాటలో నెమ్మది. నగరిలో చుట్టాలను చూసి, మనవరాలిని వెంటబెట్టుకొని తిరుపతికి పోతున్నాడు. కారు ముందరి ఎడమ చక్రం గీరుకుపోయి ఉంది.

సుందరరాజు చక్రం విప్పి, కాగితం పరిచి, పెన్సిలు రుద్దాడు. మామూలు గీతలే వచ్చాయి. తర్వాత వాటి మధ్యలోంచి తెల్లగా ఒక సిలువ తేలింది. దానికి అటొక గుంట, ఇటొక గుంట, కింద ఒక గుంట. మూడింటికీ ఆరేసి మూలలు, నట్లు తెచ్చి ఒత్తినట్టు.

చేతిలో పెన్సిలు ఆగిపోయింది. 

‘‘యాడ తగిలింది సామీ ఇది?’’

‘‘కల్వర్టు దాటినాక మలుపుందే, అక్కడప్పా. కొత్తగా గట్టు కట్టినారు కదా. నేను నలభైలో కూడా లేను. స్టీరింగు దానంతటదే ఎడమకు వాలింది. ఎట్ల చెప్పాలంటే, మా మనవరాలు నా పంచె పట్టుకొని లాగతాదే, అట్ల ఉండింది. నవ్వబాకు.’’

సుందరరాజు నవ్వలేదు. ఆ సిలువ, ఆ మూడు నట్లు ఎక్కడివో అతనికి తెలుసు. వాటిని చేసింది అతని చేతులే.

పద్దెనిమిదేళ్ల కిందట అతను పుత్తూరులో ఇంకొకరి షెడ్డులో వెల్డింగు పని చేసేవాడు. పెద్దకూతురు రూతుకు అప్పుడు ఆరేళ్లు, చిన్నది నిస్సీకి మూడు. రూతు సాయంత్రం తల్లితో పాటు వచ్చి నట్ల డబ్బా ముందర కూర్చునేది. వందల్లో వెతికి వెతికి ఒకే కొలతవి మూడు ఏరి, పైన రెండు, కింద ఒకటి పెట్టేది. అది మొహం. రెండు కళ్లు, ఒక నోరు. ఇంటికి పోయే వేళకు నాన్న చొక్కా ఎడమపక్క అంచు పట్టుకొని లాగేది. కుడిచేతిలో వెల్డింగు కడ్డీ మండుతూ ఉంటుందని, ఎప్పుడొచ్చినా ఎడమపక్కకే రావాలని అతనే నేర్పించాడు. ఆ పిల్ల ఒక్కనాడు కూడా ఆ మాట తప్పలేదు.

ఆ వానాకాలంలో వచ్చిన జ్వరం మూడు రోజుల్లో పిల్లను తీసుకుపోయింది. రాయి చెక్కించే స్తోమత లేదు. రేకు పళ్లెంలో సిమెంటు పోసి, రెండు కడ్డీ ముక్కల్ని సిలువగా అతికించి, ఆరకముందే పైకి తేలేటట్టు అందులో నొక్కాడు. సిలువకు అటూ ఇటూ రెండు నట్లు, కింద ఒకటి పెట్టాడు. ఆ పలకను కల్వర్టు పక్కన సిలువల మిట్టలో బిడ్డ తలవైపు నాటాడు. భార్య సంతోషమ్మ అంతవరకు అతన్ని ‘‘రూతు నాయనా’’ అని పిలిచేది. ఆ నాటి నుంచి ‘‘నిస్సీ నాయనా’’ అని మార్చుకుంది. మార్చుకున్నట్టు ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ వాడలో చాలా ఇళ్ల మాదిరిగానే వాళ్లు ఆదివారం చర్చిలో ఉంటారు, ఎస్సీ సర్టిఫికెట్టులో హిందువులుగా ఉంటారు; క్రైస్తవులని తేలితే ఆ సర్టిఫికెట్టు చెల్లదు. అందరికీ తెలిసిన గుట్టే ఇది. అడిగేవాడు లేనంతకాలం ఏ చిక్కూ లేదు. నాలుగేళ్ల కిందట అడిగే రోజు వచ్చింది.

రోడ్డు వెడల్పు చేయడానికి మిట్ట పోతుందన్నారు. అక్కడే షామియానా వేసి, బల్ల పెట్టి, మీవాళ్ల సమాధులుంటే పేర్లు రాయించండి, ఆధార్ జిరాక్సు, కుల సర్టిఫికెట్టు తీసుకురండి, మర్యాదగా కొత్త చోటుకు మారుస్తాం అన్నారు. సుందరరాజు జిరాక్సులు పట్టుకొని వరసలో నిలబడ్డాడు. ముందర ఇద్దరున్నప్పుడు వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు.

‘‘సిలువ కింద ఉండే బిడ్డ నాదేనని సంతకం పెట్టినాక, ఇంక ఈ సర్టిఫికెట్టు యాడ నిలస్తాదబ్బా?’’

నిస్సీకి ఆ సర్టిఫికెట్టు మీదే తిరుపతిలో నర్సింగు సీటు వచ్చి నెల కాలేదు. సుందరరాజుకు ముందర ఇంక ఒక్క మనిషే మిగిలాడు. చెప్పు సరిచేసుకుంటున్నవాడిలా వంగి, పక్కకు జరిగి, వరసలోంచి బయటికొచ్చేశాడు. అతనొక్కడే కాదు. పొద్దు వాలేసరికి ఆ వరసలో ఎవరూ మిగలలేదు.

అంతటితో ఆగినా ఒక రకం. సంతోషమ్మ అప్పుడు నగరిలో, కాలు విరిగిన తల్లికి చేస్తూ ఉంది. ఆమె తిరిగొచ్చేలోపల అతను పార తీసుకొని కొత్త శ్మశానానికి పోయి, పట్టపగలు, వేపచెట్టు నీడలో చిన్న మట్టిదిబ్బ పోశాడు. దాని మీద కట్టె సిలువ నాటాడు. ఆమె వచ్చాక తీసుకుపోయి చూపించి, ‘‘మార్చేసినారు. రాయిని బిడ్డతో పాటే లోపల పెట్టేసినారు’’ అన్నాడు. అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

సంతోషమ్మ దిబ్బను తడిమి, ‘‘పోనీలే, ముందు ఎండకు మాడేది. ఈడ నీడ ఉండాది’’ అంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె అక్కడ కూర్చుని వస్తుంది. నిస్సీ పరీక్షల సంగతి, ఇంట్లో కోడి పొదిగిన సంగతి, పక్కింటి గొడవ, అన్నీ ఆ దిబ్బకు చెబుతుంది. సుందరరాజు గేటు బయట నిలబడి ఉంటాడు. లోపల ఏమీ లేదని తెలిసినవాడు లోపలికి ఏ మొహంతో పోతాడు? రోడ్డు పూర్తయ్యాక కూడా ఆ మలుపు దారిన ఒక్కసారీ పోలేదు. పుత్తూరులో పనుంటే ఊళ్ల మీదుగా పోయే పాత మట్టిదారి పట్టేవాడు.

ఆ రోజు పద్మనాభ్ గారి చక్రం మీద సిలువను గ్రైండరుతో తీసేశాడు. మూడు గుంటల్లో పుట్టీ నింపాడు.  మిట్టను దున్నేసినవాళ్లు పలకను పారేయకుండా గట్టులో కలిపి కట్టి ఉంటారని సర్దిచెప్పుకున్నాడు. చక్రం తగిలింది, అచ్చు పడింది, అంతే.

పది రోజులకు ఇంకో కారు వచ్చింది. ముందరి ఎడమ చక్రమే. కాగితం మీద సిలువ, మూడు నట్లు. మళ్లీ ఇంకొకటి. శ్రావణమాసం అయ్యేసరికి ఆరు కాగితాలు, దసరాకు తొమ్మిది. డ్రైవర్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. కానీ అందరిదీ ఒకే మాట. ఒకడు, బండి ఎడమకు గుంజిందన్నాడు. ఒకడు, పక్కన కూర్చున్న మనిషి చెయ్యి పట్టుకొని లాగిందనుకున్నానన్నాడు, పక్కన మనిషే లేదు. పాల్ అనే టాక్సీ అతను ఇరవై ఏళ్లుగా ఆ దారిన తిరుగుతున్నవాడు. అతను టీ గ్లాసు చేతిలో పట్టుకొని, ‘‘నా చొక్కా అంచు పట్టుకున్నట్టు అయిందన్నా. కిందికి సూస్తిని. అంతలో తగిలేసె’’ అన్నాడు.

‘‘బండిలో పిల్లోళ్లు ఎవురన్నా ఉండిరా?’’ అని సుందరరాజు ప్రతివాళ్లనూ అడగడం మొదలుపెట్టాడు. ప్రతి బండిలోనూ ఉన్నారు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. లారీలకు, బస్సులకు, ఒంటరిగా పోయే బండ్లకు అక్కడ ఎప్పుడూ ఏమీ కాలేదు.

అతన్ని నిజంగా భయపెట్టింది ఇంకొకటి. కాగితాలను తీగ మీద వరసగా పెట్టి చూస్తే మొదటిదానికన్నా రెండోది, రెండోదానికన్నా మూడోది స్పష్టంగా ఉన్నాయి. ఇనుముతో బతికినవాడు అతను. దెబ్బలు తినేకొద్దీ ఇనుము అరగాలి. ఈ సిలువ అంచులు నిన్న అతికించినంత పదునుగా తేలుతున్నాయి. పదో కాగితంలో నట్టు లోపలి మరలు కూడా లెక్కపెట్టవచ్చు. షెడ్డులో పనికేమీ కొదవ లేదు. బిడ్డ గుర్తును తన చేత్తోనే వచ్చినదాన్ని వచ్చినట్టు చెరిపేస్తున్నాడు, అది ఇంకా గట్టిగా వస్తోంది.

కార్తీకమాసం వచ్చింది. సమాధుల పండుగకు ఇంక రెండు రోజులుంది. ఆ మధ్యాహ్నం సంతోషమ్మ సంగటి, ఊరుబిండి పచ్చడి క్యారియరులో పెట్టుకొని షెడ్డుకు వచ్చింది. రెండో చేతిలో సున్నం సంచి ఉంది.

‘‘తిన్నాక రా, నిస్సీ నాయనా. దిబ్బకు సున్నం కొట్టల్ల. పోయినేడు మాదిరి గేటు కాడ నిలబడితే ఊరుకోను’’ అంది.

అతను జవాబు చెప్పేలోపల తెల్లకారు వచ్చి ఆగింది. పద్మనాభ్ గారే. వెనక సీట్లోంచి నాలుగేళ్ల పాప దిగింది, ఆయన మనవరాలు హంసిని. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

‘‘మళ్లీ అదే చోటప్పా. అదే చక్రం. ఈసారి ఇరవైలో పోతా ఉండాను.’’

సుందరరాజు చక్రం విప్పి కాగితం పరిచాడు. జూలైలో తానే పూడ్చి, రంగు వేసి, నున్నగా చేసిన చోట మళ్లీ సిలువ ఉంది. అంగుళం కూడా అటూ ఇటూ కాలేదు. అది పదకొండో కాగితం. దాన్ని తీగకు తగిలించే ధైర్యం లేక చేతిలోనే పట్టుకున్నాడు.

హంసిని ఈలోపల నట్ల డబ్బా ముందర చతికిలబడింది. వందల నట్లలో చెయ్యి పెట్టి కలియదిప్పి, మూడు తీసింది. మూడూ ఒకే కొలత. పైన రెండు పెట్టి, కింద ఒకటి పెట్టింది.

సంతోషమ్మ క్యారియరు మూత తీస్తున్నదల్లా ఆగిపోయింది.

‘‘ఏంది పాపా అది?’’

‘‘మొహం’’ అంది హంసిని.

‘‘ఎవురు నేర్పించినారు?’’

‘‘రోడ్డు కాడ అక్క.’’

‘‘ఏ అక్క?’’

పాప తలెత్తి సంతోషమ్మను కాకుండా సుందరరాజును చూసింది. ‘‘వాళ్ల నాయన ఇంకా రాలేదంట’’ అని, మళ్లీ నట్ల మీదకి వంగింది.

పద్మనాభ్ గారు పిల్లలు ఏదో ఒకటి కల్పిస్తారని సర్దిచెప్పబోయి, షెడ్డులో ఇద్దరి ముఖాలూ చూసి నోరు మూసుకున్నాడు. చక్రం రేపు తీసుకుపోతానని, స్టెప్నీ వేయించుకొని పాపతో వెళ్లిపోయాడు. కారు పోయింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. గాలి ఆడకపోయినా తీగ మీది ఆ పది సిలువ కాగితాలూ ఒకేసారి ఎడమకు తిరిగాయి.

సంతోషమ్మ లేచి ఒక్కొక్కటే చూసింది. ఆమె ఎప్పుడూ ఆ కాగితాలను పట్టించుకున్నది కాదు. ఒకదాని మీద తెల్లటి సిలువను వేలితో నిమిరింది. నట్లను ఒకటి, రెండు, మూడు అని తాకింది.

‘‘ఇది మన రూతు రాయి గదా. మన్నులో ఉండల్ల కదా? ఈడికెట్లొచ్చె?’’

అతనికి ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. గుర్తుగా ఉండనీ అని మార్చేటప్పుడే అచ్చు దించుకున్నానంటే ఆమె నమ్మేస్తుంది. నాలుగేళ్ల కిందటైతే చెప్పేసేవాడే. కానీ నేల మీద మూడు నట్లు అతన్నే చూస్తున్నాయి.

‘‘మార్చలేదు మే’’ అన్నాడు. ‘‘నేను పేరు రాపీలేదు. వరసలోంచి వచ్చేస్తిని. నిస్సీ సీటు పోతాదని భయపడితిని. రూతు ఆ మలుపు కాడే ఉండాది. నీకు సూపించిన దిబ్బ నేను పోసిందే. దాంట్లో ఎవురూ లేరు.’’

చెప్పేశాక ఆమె కొడుతుందనుకున్నాడు. శోకం పెడుతుందనుకున్నాడు. ఆమె సున్నం సంచిని రెండు చేతులతో ఒడిలో పెట్టుకొని, పెట్టె మీద కూర్చుంది. 

‘‘అయితే నాలుగేండ్లుగా నేను ఎవురితో మాట్లాడినాను?’’

 సంగటి చల్లారిపోయింది.

మూడు గంటలప్పుడు ఆమే లేచింది. నేల మీది మూడు నట్లూ ఏరి కొంగున కట్టుకొని, ‘‘పా’’ అంది. మోపెడ్డు మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకొని, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన పెద్దరోడ్డు ఎక్కాడు. పుత్తూరు వైపు పోయి, కల్వర్టు దాటాక తిప్పుకొని, మలుపు దగ్గర దిగారు. బండ్లు రయ్యిరయ్యిన పోతున్నాయి. గట్టు పొడవునా వెతికాడు. నలభై అడుగుల దూరంలో దొరికింది. మామూలు గట్టురాళ్ల మధ్య పక్కకు పడుకోబెట్టి, ముఖం రోడ్డు వైపు పెట్టి కట్టేశారు. రేకు పళ్లెం అంచుల వంపు అలాగే ఉంది.

సుందరరాజు మోకాళ్ల మీద కూలబడి దాన్ని తడిమాడు. 

ఇనుము లేదు. కడ్డీలు ఎన్నడో తుప్పుపట్టి రాలిపోయాయి, వాటిచోట సన్నటి గాడి మిగిలింది. నట్లు ఊడిపోయి మూడు గుంటలున్నాయి. గుంటల్లో చీమలు గూడు కట్టుకున్నాయి. పలక ముందర గరిక మోకాలెత్తు పెరిగి ఉంది, ఒక్క పరక వంగలేదు. సిమెంటు మీద టైరు మసి లేదు, రంగు పెచ్చు లేదు, గీత లేదు. ఆ పలకకు ఏ బండీ ఏనాడూ తగల్లేదు. తగిలినా గుంటలు చక్రాన్ని గీయలేవు. ఈ లోకంలో ఆ సంగతి అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు.

‘‘ఇది కాదు మే’’ అన్నాడు. ‘‘ఆ అచ్చులు దీనివి కావు.’’

సంతోషమ్మకు ఆ మాట వినబడిందో లేదో. ఆమె కొంగుముడి విప్పి, ఒక నట్టును గుంటలో పెట్టి వేలితో నొక్కింది. కొలత తీసి చేయించినట్టు కూర్చుంది. రెండోదీ కూర్చుంది. మూడోదీ కూర్చుంది. చీమలు బిలబిల బయటికొచ్చి ఆమె చేతి మీదుగా పాకాయి. ఆమె చెయ్యి తీయలేదు.

సుందరరాజు మోపెడ్డు నుంచి గడ్డపార తీసుకొచ్చాడు. పలకను పెళ్లగించి ఇంటికి తీసుకుపోదామనుకున్నాడు. ఆమె గడ్డపార పట్టుకుంది.

‘‘దొంగ మాదిరి తీసకపోతావా? ఆ పొద్దు దొంగ మాదిరి వదిలేసొస్తివి. సాలు. ఆపీసుకు పోయి, నా బిడ్డ ఈడ ఉండాదని సెప్పి తీసకరా, రూతు నాయనా.’’

పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ పిలుపు విని అతను రోడ్డు పక్కన, పోయే బండ్ల ముందర, సిగ్గు విడిచి ఏడ్చాడు.

ఆ సాయంత్రం హాస్టల్లో ఉన్న నిస్సీకి ఫోను చేసి దాచకుండా అంతా చెప్పాడు. విచారణ అంటూ వస్తే ఆఖరి సంవత్సరం ఏమవుతుందో తనకు తెలియదని కూడా చెప్పాడు.  

‘‘నాకు భయంగానే ఉండాది నాయనా’’ అంది నిస్సీ. ‘‘కానీ నాకు అక్క మొహం గుర్తు లేదు. పేరన్నా ఉండనీ.’’

పొద్దున్నే పదకొండు కాగితాలు సంచిలో పెట్టుకొని పాత మట్టిదారిన, పుత్తూరులో రోడ్డుకు భూములు తీసుకున్న ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా రాఘవమ్మ పాత రిజిస్టరు వెతికి తెచ్చి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది.

‘‘సూడప్పా. ఆ మిట్టలో సమాధులు ఎన్ని అనే కాడ సున్నా అని ఉండాది. ఒక్కరు కూడా సెప్పలేదు.’’

ఆ మిట్టలో ముప్ఫై సిలువలుండేవి. సుందరరాజు సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. కస్టమర్లు యాగీ చేయకుండా ఉండటానికి దింపుకున్న కాగితాలు తప్ప, అతని బిడ్డ ఈ భూమ్మీద పడుకుందనడానికి సాక్ష్యం ఇంకేదీ లేదు. రాఘవమ్మ వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. ఇవి ఎక్కడివని అడగబోయి, ఎందుకో అడగకుండా కలం అందుకుంది.

‘‘రోడ్డు తవ్వేదానికి ఒప్పుకోరు. రాయి, దాని కింద మన్ను ఇప్పిస్తాం, కొత్త సోట పెట్టుకోవచ్చు. ముందు అర్జీ రాయల్ల. ఇందులో మతం అనే గడి ఉండాది. తెలుసు గదా, అది రాసినాక పైకి పోతాది. ఆలోచించుకొని సెప్పు.’’

‘‘ఆలోచించుకొనే వచ్చినానమ్మా. రాసుకో.’’

‘‘సనిపోయిన బిడ్డ నీకేమైతాది?’’

‘‘పెద్దకూతురు. పేరు రూతు. ఆరేండ్లు. క్రైస్తవుల బిడ్డ.’’ ‘‘నాయన పేరు సుందరరాజు’’ అని కూడా చెప్పాడు.

సంతకం పెట్టి బయటికొచ్చేసరికి పదకొండు గంటలయింది. మోపెడ్డు ఎక్కి, అలవాటు కొద్దీ పాత దారి వైపు తిప్పబోయి ఆగాడు. పెద్దరోడ్డు పట్టాడు. ఎండ పదునెక్కుతోంది. కల్వర్టు వచ్చింది, దాటాడు. మలుపు కనబడింది. హ్యాండిలును వదులుగా పట్టుకున్నాడు. ఎడమకు వాలుతుందని, చొక్కా అంచు మీద చిన్న పిడికిలి పడుతుందని కాచుకున్నాడు.

ఏమీ లాగలేదు. మోపెడ్డు తిన్నగా పోతూనే ఉంది. సుందరరాజు తనే హ్యాండిలు ఎడమకు తిప్పి, గట్టు పక్కన బండి ఆపి, దిగాడు.